పొగ వదిలిన వంటింట్లోకి మళ్లీ పొగ

1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. పది అంతస్తుల ఆ గుండ్రటి భవనం చుట్టూ అప్పటికి ఉన్నవి బండరాళ్లు, తుమ్మ పొదలు, సీతాఫలం చెట్లు, మధ్యమధ్య చిన్న ఊళ్లు. మాదాపూర్, కొత్తగూడ, ఇజ్జత్‌నగర్, ఖానామెట్, రాయదుర్గం, నానక్‌రాంగూడ. పగలు టవర్ అద్దాల మీద ఎండ మెరిస్తే, పొద్దుగూకే వేళకు ఈ ఊళ్ల ఇళ్ల మీద కట్టెల పొయ్యి పొగ లేచేది.

మరుసటి ఏడాది, 1999లో, ఆ టవర్ వెనకున్న రాష్ట్ర ప్రభుత్వమే దీపం పథకం తెచ్చింది. డ్వాక్రా సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్ ఇస్తూ సిలిండర్ డిపాజిట్టు వెయ్యి రూపాయలు తానే కట్టింది. స్టవ్వు మాత్రం వాళ్లు కొనుక్కోవాలి. ఆ ఊళ్లు సైబరాబాద్ అయిన కథ చెప్పేవాళ్లు టవర్‌ను మరిచిపోరు, సిలిండర్‌ను తలుచుకోరు. వంటింటి వైపు నుంచి చూస్తే ఆ రెండేళ్లలో జరిగిన పెద్ద సంగతి సిలిండరే. ఇవాళ కొండాపూర్, గచ్చిబౌలి ఫ్లాట్లలో కొందరు సెలవు రోజున పనిగట్టుకుని టమాటాలకు పొగ పట్టించుకుంటున్నారంటే, అంతకుముందు ఆ వంటింట్లోంచి పొగ పూర్తిగా వెళ్లిపోయి ఉండాలి. ఉన్నన్నాళ్లూ దాన్ని ఎవరూ కావాలనుకోలేదు.

కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో పొగ పట్టించడమనే పని వేరుగా లేదు. అన్నం దిగాక పొయ్యిలో నిప్పులు మిగులుతాయి. వాటిని కాస్త ముందుకు లాగి, నూనె రాసిన వంకాయో, నాలుగు టమాటాలో, గుప్పెడు పచ్చిమిరపకాయలో మీద పడేస్తే వాటి పని అవి చేసుకుపోయేవి. తొక్క నల్లబడి పగిలాక ఊదుకుంటూ వలిచి, రోట్లో ఉప్పు, చింతపండు, జీలకర్ర, వెల్లుల్లి వేసి నూరితే తొక్కు తయారు. జొన్నరొట్టెకు అంతకన్నా జత అక్కర్లేదు. తెలంగాణ పచ్చిపులుసుకూ ఇదే బలం. కాల్చిన మిరపకాయలను చింతపండు రసంలో చేత్తో నలిపితే వచ్చే వాసనలోనే సగం రుచి ఉంటుంది. కోస్తాలో కాల్చిన వంకాయతో చేసే పచ్చిపులుసు కూడా ఈ కుటుంబంలోదే.

పాలకూ పొగ అంటేది. పెరట్లో దాలిగుంట తవ్వి, పిడకలు రాజేసి, పాలకుండ అందులో పెట్టి వదిలేసేవారు. మంట లేని ఆ సెగ మీద పాలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగి, ఎర్రటి మీగడ కట్టేవి. ఆ పాలు తోడుపెడితే వచ్చే పెరుగుకు, చిలికి తీసిన వెన్నకు, కాచిన నేతికి కూడా ఒక పొగ వాసన ఉండేది. ఆ పెరుగు తిన్నవాళ్లు ప్యాకెట్ పెరుగును ఎప్పటికీ క్షమించరు.

ఇవన్నీ పొగ తనంతట తాను వచ్చి చేరిన వంటలు. కావాలని పట్టించిన పొగ కూడా ఉంది. ఊరగాయ పెట్టేముందు కొన్ని ఇళ్లలో నిప్పు కణిక మీద ఇంగువ పలుకు వేసి, ఆ పొగ మీద జాడీ బోర్లించేవారు. జాడీ లోపలి తడి, వాసన పోయి ఇంగువ ఘాటు అంటుకునేది. ఇది కొత్త తెలివి కాదు. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరు మీద 12వ శతాబ్దిలో వచ్చిన మానసోల్లాసంలోని వంటల భాగంలోనే వంటకాలకు ఇంగువ పొగ పట్టించే మాట ఉంది. ఆ రాజు ఏలిన కళ్యాణి ఇవాళ్టి బసవకల్యాణ్, జహీరాబాద్ వైపు నుంచి సరిహద్దు దాటితే దూరం కాదు. హైదరాబాద్ పాతబస్తీ వంటల్లో ఆ పని బొగ్గు చేస్తుంది. దమ్ కా ఖీమా దింపేముందు మధ్యలో చిన్న గిన్నె పెట్టి, అందులో ఎర్రగా కాలిన బొగ్గు ఉంచి, మీద నెయ్యి చుక్కలు వేసి గబుక్కున మూత పెట్టేస్తారు. దీన్ని అక్కడ ధుంగార్ అంటారు. నెయ్యి మండి లేచిన పొగ అయిదు నిమిషాల్లో మాంసానికి పట్టేస్తుంది.

ఇంత పాత పద్ధతుల్లోకి టమాటా చాలా ఆలస్యంగా వచ్చింది. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. సాగుకు వచ్చింది మెక్సికో ప్రాంతంలో. యూరప్ ఓడలెక్కి మన దేశం చేరింది. తెలుగువాళ్ల వంటింట్లో దాని వయసు ఎంత తక్కువో తద్దినం వంట చూస్తే తెలుస్తుంది. క్యాబేజీ, క్యారెట్‌లతో పాటు టమాటాను కూడా ఇప్పటికీ చాలా ఇళ్లలో ఆ రోజు దగ్గరికి రానివ్వరు. పాత తరం రామములగ అని పిలిచిన చిన్న పుల్లటి పండ్లు పెరట్లో వాటంతట అవే మొలిచేవి. అంగట్లో కొనేంత పెద్దరికం వాటికి తర్వాత వచ్చింది. హైదరాబాద్ ముస్లిం ఇళ్లు మాత్రం టమాటాను పెద్ద వంటల్లోనే కూర్చోబెట్టాయి. టమాటాలను ఉడికించి వడగట్టి, వేయించిన శనగపిండితో చిక్కబరిచి, తాలింపు పెట్టి, ఉడికిన కోడిగుడ్లు వేసే టమాటే కా కట్ అందుకు సాక్ష్యం.

వంకాయ, టమాటా ఒకే మొక్కల కుటుంబానికి చెందినవి. పొయ్యి దగ్గర కూడా టమాటా వంకాయ చోటులోనే కుదురుకుంది. వంకాయకు చేసినదే దీనికీ చేశారు.

నగరానికి పడమర చేవెళ్ల, శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు నేలల్లో టమాటా ముఖ్యమైన పంట. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయ్యాక ఆ పండ్లు మెహిదీపట్నం, కూకట్‌పల్లి బజార్లలో రైతుల చేతుల మీదుగానే అమ్ముడవసాగాయి. హైటెక్ సిటీకి అద్దెకు దిగిన కొత్త ఉద్యోగులు ఆదివారం సంచి పట్టుకుని వెళ్లిందీ అక్కడికే. బండి దగ్గర రెండు రకాలు కనిపిస్తాయి. నాటు టమాటా పలచటి తొక్కతో, పులుపుతో, రసంతో ఉంటుంది, తొక్కుకు, చారుకు అదే కావాలి. బెంగళూరు టమాటా అని పిలిచే హైబ్రిడ్ కోలగా, గట్టిగా, వారం రోజులైనా చెక్కుచెదరకుండా ఉంటుంది. కూరలో పెద్ద గొప్పేమీ కాదు గానీ, పొగ పట్టించడానికి సరిగ్గా సరిపోయేది ఆ గట్టి పండే.

నిలవ చేయడానికి టమాటాకు పొగ పెట్టడం తెలుగునాట ఎందుకు లేదు? సమాధానం ఆకాశంలో ఉంది. మెక్సికోలో హలపేన్యో మిరపకాయ కండ మందం. ఎండలో ఆరేలోగా కుళ్లిపోతుంది. అందుకని పొగలో ఎండబెట్టారు, అదే చిపోట్లే. స్పెయిన్‌లో లా వేరా అనే లోయలో మిరప కోతకొచ్చే వేళకు శరదృతువు వానలు పడతాయి. అక్కడి రైతులు ఓక్ కట్టెల పొగ మీద రెండు వారాల పాటు కాయలు ఎండబెట్టి పొడి కొడతారు. అదే దేశంలో ఎండ దండిగా కాసే ముర్సియాలో మిరపకు పొగ అక్కర్లేదు. గుంటూరు కళ్లాలదీ ముర్సియా కథే. పాలమూరులో, రాయలసీమలో ఏప్రిల్ ఎండ ఉండగా కట్టెలు తగలేసే అవసరం ఎవరికి? టమాటాలను కోసి, ఉప్పు చల్లి, మిద్దె మీద గుడ్డ పరిచి ఆరబోస్తే నాలుగైదు రోజుల్లో ఒరుగులవుతాయి. పండులో 94 శాతం పైగా నీళ్లే గనుక కిలో ఆరబోస్తే వంద గ్రాములు కూడా మిగలవు. ఆ ఒరుగులను వానాకాలంలో పప్పులో వేసుకునేవారు. ఇక్కడ పండును దాచే పని ఎండది. పొగ ఏ పూటకు ఆ పూట నాలుక మీద మెరిసి పోయే రుచి మాత్రమే.

ఆ రుచికి ఎవరో మూల్యం చెల్లిస్తూనే వచ్చారు. వంటింటి పొగను తలుచుకుని ముచ్చటపడే రాతలు చాలావరకు దాన్ని పీల్చనివాళ్లవే. చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య కళాశాల, హైదరాబాద్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ సిస్టమ్స్, అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి రంగారెడ్డి, నిజామాబాద్, వరంగల్ జిల్లాల పల్లెల్లో నాలుగు వందల పైచిలుకు ఇళ్లలో గాలిని కొలిచారు. ఫలితాలు 2003, 2004లలో వెలువడ్డాయి. 24 గంటల సగటు తీస్తే గ్యాస్ వాడే ఇళ్లలో ఘనపు మీటరు గాలికి 73 మైక్రోగ్రాముల సూక్ష్మ ధూళి ఉంటే, కట్టెలూ పిడకలూ వాడే ఇళ్లలో అది 732 దాకా పోయింది. పదింతలు. రంగారెడ్డి అంటే హైటెక్ సిటీ ఉన్న జిల్లాయే. 2016 మే 1న ఉజ్వల పథకం మొదలైనప్పుడు కేంద్ర ప్రభుత్వం ఇంకో పోలిక చెప్పింది: వంటింట్లో కట్టెల మంట గంటకు నాలుగు వందల సిగరెట్లు కాల్చడంతో సమానమని. పొయ్యి గొట్టంతో ఊదుతూ కళ్లు తుడుచుకున్న అమ్మలకు ఈ లెక్కలు కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

దీపం సిలిండరు వచ్చినంత మాత్రాన పొయ్యి ఒక్కనాడే ఆరలేదు. గ్యాస్ అయిపోతే మళ్లీ నింపించడానికి డబ్బు కావాలి, కంది కట్టె, పత్తి కట్టె చేలో ఊరికే వస్తాయి. అందుకని చాలా ఇళ్లలో టీకి, చుట్టాలొచ్చిన పూటకు గ్యాస్, అన్నానికి, స్నానాల నీళ్లకు కట్టెలు అని పని విడదీసుకున్నారు. కాల్చిన వంకాయ పచ్చడి ఆ విభజనలో కట్టెల వైపే ఉండిపోయింది.

సైబరాబాద్‌లోనే ఇంకో పొయ్యి చాలాకాలం వెలిగింది. టవర్లు కట్టినవాళ్లలో పాలమూరు నుంచి వలస వచ్చిన కూలీలు ఎందరో. వాళ్ల రేకుల షెడ్ల ముందు మూడు రాళ్ల పొయ్యి, పొయ్యిలోకి సెంట్రింగ్ చెక్కల తుంటలు. రాత్రి జొన్నరొట్టెలోకి అదే నిప్పు మీద కాల్చిన టమాటా, మిరపకాయ. పైన లేస్తున్న అంతస్తుల వంటిళ్లలో మాత్రం నిప్పు కనబడకూడదన్నదే ప్లాను. 2003లో ఏర్పడిన భాగ్యనగర్ గ్యాస్ పైపులు కొన్ని కాలనీలకు వచ్చాయి, కొన్ని గేటెడ్ కమ్యూనిటీల్లో ఒకేచోట పెట్టిన సిలిండర్ల నుంచి ఇంటింటికీ గ్యాస్ నడిచింది. స్టవ్వు మీద చిమ్నీ, సీలింగులో పొగ పసిగట్టే పరికరం. అద్దె గదుల్లోని కుర్రకారుకు అదీ లేదు, ఇండక్షన్ పొయ్యి మాత్రమే. దాని మీద వంకాయ కాల్చడానికి మంటే ఉండదు. రోలు స్థానంలోకి మిక్సీ ఎప్పుడో వచ్చింది. గచ్చిబౌలి చుట్టుపక్కల గుట్టలన్నీ గ్రానైటే, రోళ్లకు పనికొచ్చే రాయే. ఆ గుట్టల్లో చాలావాటిని పేల్చి పునాదులు తీశారు.

ఇంటి నుంచి వెళ్లిన పొగ హోటలు బోర్డు మీద తేలింది. ఐటీ కారిడార్ పొడవునా ‘కట్టెల పొయ్యి వంట’ అని రాసుకున్న భోజనశాలలు, అరకు లోయ ఆదివాసుల నుంచి వచ్చిన బొంగు చికెన్, ఎర్రగా కాల్చిన మట్టి కప్పులో పొంగించే తందూరీ చాయ్. నాలుగు గోడల మధ్య వద్దనుకున్న వాసనకు బయట డబ్బులిచ్చి కూర్చుంటున్నారు. ఇందులో వెక్కిరించాల్సిందేమీ లేదు. ఒక పూట ఇష్టంగా పీల్చే పొగా, రోజుకు మూడు పూటలు తప్పించుకోలేని పొగా వేరు.

ఇంట్లో టమాటాకు పొగ పట్టించేవాళ్లు ఇప్పుడు రెండు దారుల్లో నడుస్తున్నారు. ఒకటి పాతబస్తీ దారి. టమాటాలను గ్యాస్ మంట మీద జాలీ పెట్టి కాల్చి, వలిచి, గిన్నెలో వేసి, మధ్యలో బొగ్గు గిన్నె పెట్టి నెయ్యి చుక్క వేసి మూత పెట్టడం. ఇది తొందర పని, పొగ పైపైనే పడుతుంది. రెండోదానికి ఓపిక కావాలి. పాత ఇనుప కళాయి అడుగున అల్యూమినియం రేకు పరిచి, గుప్పెడు ఎండు మామిడి లేదా జామ చెక్క ముక్కలు వేస్తారు. మీద జాలీ, దాని మీద రెండుగా కోసి ఉప్పు రాసిన టమాటాలు, కోసిన వైపు పైకి. మూత పెట్టి అంచు చుట్టూ తడి గోధుమపిండి అద్దుతారు, బిర్యానీకి దమ్ పెట్టినట్టే. పొగ మొదలయ్యేదాకా పెద్ద మంట, తర్వాత సన్న సెగ మీద పావుగంట, ఇరవై నిమిషాలు. చెక్క దొరకనివాళ్లు చైనా పద్ధతిలో బియ్యం, టీ ఆకు, కాస్త చక్కెర కలిపి రాజేస్తారు. నాన్‌స్టిక్ పాత్ర దీనికి పనికిరాదు, ఖాళీగా వేడెక్కితే దాని పూతే విషపు ఆవిరి వదులుతుంది. వేపచెక్క చేదు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు అసలే వద్దు.

పండును కోయడంలో ఒక కారణం ఉంది. టమాటా తొక్క మీద మైనంలాంటి పొర ఉంటుంది, పొగ దాన్ని దాటి లోపలికి పోలేదు. కోసిన తడి ముఖం మీద అయితే వెంటనే అంటుకుంటుంది. చెక్కలోని లిగ్నిన్ వేడికి విడిపోయినప్పుడు గ్వయకాల్, సిరింగాల్ అనే పదార్థాలు పుడతాయి. మనం పొగ వాసన అనుకునేది ఎక్కువగా వాటినే. చెక్క నిదానంగా రాజుకుంటే ఈ వాసన శుభ్రంగా ఉంటుంది. గాలి ఆడక మసి కమ్మితే టమాటా నల్లటి మందు బిళ్లంత చేదవుతుంది. బొగ్గుతో ఇంకో ప్రమాదం ఉంది. మూసిన యుటిలిటీ బాల్కనీలో కుంపటి రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి రంగూ లేదు, వాసనా లేదు. కిటికీలు బార్లా తెరిచిన చోటే ఈ పని చేయాలి.

పొగ పట్టిన టమాటా ఫ్రిజ్‌లో కొద్దిరోజులే ఆగుతుంది. టమాటా పులుపు అనుకున్నంత గట్టిది కాదు, దాన్ని ఊరికే నూనెలో ముంచి బయట పెట్టడం క్షేమం కాదు. తెలుగు నిలవ పచ్చడి ఈ చిక్కును ఏనాడో విప్పుకుంది. చింతపండు, ఉప్పు, కారం, మీద తేలే నూనె. పొగ పట్టిన ముక్కలను ఆ లెక్కలో పచ్చడి పెట్టుకున్నవాళ్లు అమెరికా సీసా సాస్ జోలికి పోరు.

సీసాలో దొరికేది ఇంకొకటుంది, ద్రవరూపంలో పొగ. 1895లో కాన్సాస్ సిటీలో రైట్ అనే ఔషధ వ్యాపారి మొదలుపెట్టిన ఈ సరుకు ఇప్పుడు మన సూపర్ మార్కెట్ అరల్లోనూ దొరుకుతోంది. ఆహారానికి పొగ వాసన తెచ్చే ఎనిమిది రకాల పదార్థాలకు యూరోపియన్ యూనియన్ 2024లో అనుమతి పొడిగించలేదు. జన్యువులకు హాని చేసే అవకాశం కొట్టేయలేమన్నది కారణం. ఇంటి పొగలో కూడా అలాంటి పదార్థాలు కొన్ని ఉంటాయి. అప్పుడప్పుడు తినే వంటగానే దీన్ని ఉంచుకోవడం మేలు.

చెక్క విషయంలో ఒక తమాషా ఉంది. టెక్సాస్ బార్బెక్యూకు పేరు తెచ్చిన మెస్కీట్ చెక్క ముక్కలను ప్యాకెట్లలో దిగుమతి చేసి ఇక్కడ అమ్ముతారు. మెస్కీట్‌కు దగ్గరి చుట్టం మన సర్కారు తుమ్మ. 1877లో జమైకా విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు, ఇప్పుడు చెరువు కట్టలన్నీ దానివే. టమాటాలాగే అదీ అమెరికా ఖండాల సరుకే. రెండూ ఇక్కడి నేలలో పాతుకుపోయాయి, ఒకదాన్ని పంటగా చేసుకున్నాం, ఇంకోదాన్ని తిడుతూనే పొయ్యిలో పెట్టుకున్నాం.

గేటెడ్ కమ్యూనిటీలో బొగ్గు కావాలంటే ఒకప్పుడు గేటు బయటి ఇస్త్రీ బండే దిక్కు. ఇప్పుడు ఇస్త్రీ పెట్టెలు కూడా గ్యాస్‌కు మారుతున్నాయి. బొగ్గు బార్బెక్యూ పేరుతో సంచుల్లో వస్తోంది. అందులో చాలా భాగం సర్కారు తుమ్మదే. ప్రకాశం, నెల్లూరు, పాలమూరు వైపు దాన్ని నరికి, బట్టీల్లో కుప్ప పేర్చి, ఆకులూ మట్టీ కప్పి, రోజుల తరబడి సన్న సెగ మీద కాలుస్తారు. కప్పు ఎక్కడైనా పగిలి గాలి దూరితే కట్టె బొగ్గు కాకుండా బూడిదవుతుంది. అందుకని కూలీలు పగలూ రాత్రీ వంతులు వేసుకుని, ఆ పొగలోనే తిరుగుతూ, పగిలిన చోటల్లా మట్టి మెత్తుతుంటారు.